గడియారం చూసి ఆగిపోయే సర్వీసులు

సంపాదకులకు నమస్కారం.

మీ సాంకేతిక పేజీలో లినక్స్ సర్వర్ల గురించి ఇచ్చిన సలహాల్లో ఒకటి ఇలా ఉంది: సర్వీసులు (తెర వెనక నడుస్తూ అడిగిన పని చేసే ప్రోగ్రాములు) అడిగినప్పుడే లేచేలా, పని లేకపోతే రెండు నిమిషాల్లో ఆగిపోయేలా పెట్టుకుంటే మెమరీ ఆదా అవుతుంది. సగం వరకు మంచి సలహానే. చిక్కంతా 'పని లేకపోతే' అన్న చిన్న మాట దగ్గర ఉంది. పని లేదని ఎవరు తేల్చాలి, దేన్ని చూసి తేల్చాలి? చివరి అభ్యర్థన వచ్చి ఎంతసేపైందో చూసి తేల్చే సర్వీసు ఎప్పుడో ఒకప్పుడు ముంచుతుంది. తన చేతిలో ఇంకా ఏమేం ఉన్నాయో లెక్క చూసుకుని తేల్చేదాన్ని నమ్మవచ్చు.

కరెంటు సబ్‌స్టేషన్‌లో ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే పని ముగిసేదాకా లైన్ ఆపి ఉంచే అనుమతి) పద్ధతి తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. లైన్‌మన్ స్తంభం ఎక్కేముందు ఆ ఫీడర్ మీద ఎల్‌సీ తీసుకుంటాడు. ఆపరేటర్ పుస్తకంలో రాసుకుని లైన్ ఆపుతాడు. అదే ఫీడర్ మీద పక్క ఊళ్లో ఇంకొకరు ఎల్‌సీ అడిగితే దాన్నీ రాసుకుంటాడు. రెండూ తిరిగి వచ్చాకే ఛార్జ్ చేస్తాడు. 'అరగంటైంది, ఎవరూ ఫోన్ చేయలేదు, పని అయిపోయే ఉంటుంది' అనుకుని స్విచ్ వేయడు. కంప్యూటర్లలో మాత్రం సరిగ్గా ఆ పనే చేసే సర్వీసులు ఇప్పటికీ రాస్తూనే ఉన్నారు.

అడిగినప్పుడే లేచే పద్ధతి కొత్తదేం కాదు. 1980ల్లో బీఎస్‌డీ యూనిక్స్‌తో వచ్చిన ఐనెట్‌డీ పోర్టుల దగ్గర తాను కాపలా కూర్చుని, ఎవరైనా తలుపు తట్టగానే సంబంధిత ప్రోగ్రామును లేపేది. యాపిల్ 2005లో మ్యాక్ ఓఎస్ 10.4తో సర్వీసులను ఇలాగే లేపే లాంచ్‌డీని తెచ్చింది. లినక్స్‌లో సర్వీసులను లేపి, ఆపే సిస్టమ్‌డీ 2010లో మొదలై ఆ ఆలోచనను ఇంకా ముందుకు తీసుకెళ్లింది. సాకెట్ (అభ్యర్థనలు వచ్చే తలుపు) సిస్టమ్‌డీ చేతిలో ఉంటుంది. సర్వీసు ఉన్నా లేకపోయినా తలుపు మూతపడదు. ఎవరైనా తట్టగానే సర్వీసు లేస్తుంది. లేపేవాడు ఉన్నాడు కాబట్టి పడుకున్నా ఫరవాలేదు. ఇంతవరకు తర్కం బాగానే ఉంది.

సిస్టమ్‌డీలోనే ఉండి యంత్రం పేరు, భాష, సమయం చూసుకునే హోస్ట్‌నేమ్‌డీ, లొకేల్‌డీ, టైమ్‌డేట్‌డీ దీనికి మంచి ఉదాహరణలు. 30 సెకన్లు ఎవరూ పలకరించకపోతే ఇవి వాటంతట అవే ఆగిపోతాయి. ఏ నష్టమూ లేదు. యంత్రం పేరు డిస్క్ మీది ఫైల్లో ఉంటుంది. సర్వీసు మళ్లీ లేచినప్పుడు దాన్నే చదువుకుంటుంది. పోయేటప్పుడు దాని చేతిలో ఏమీ లేదు. మెషీన్‌డీ సంగతి వేరు. నడుస్తున్న వర్చువల్ మెషీన్లు (ఒక కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిపే కంప్యూటర్లు), కంటైనర్ల (విడి గదిలో పెట్టినట్టు నడిపే ప్రోగ్రాముల) చిట్టా దాని దగ్గర ఉంటుంది. అందుకే అది గడియారం ఒక్కటే చూడదు. ఆగేముందు తనను తాను రెండు ప్రశ్నలు అడుగుతుంది: మధ్యలో ఉన్న పనులేమైనా ఉన్నాయా, చిట్టాలో ఒక్క మెషీన్ అయినా మిగిలిందా? ఏ ఒక్కదానికి 'ఉంది' అని జవాబు వచ్చినా ఆగదు. డిస్క్ ఇమేజ్‌లు దించుకునే ఇంపోర్ట్‌డీ కూడా అంతే, ఒక్క డౌన్‌లోడ్ నడుస్తున్నా కదలదు. ఒకే ప్రాజెక్టులో, ఒకే లైబ్రరీ మీద రాసిన సర్వీసులే ఇవన్నీ. తేడా అల్లా ఆగవచ్చా అని అడిగే ఆ నాలుగు లైన్ల ఫంక్షన్‌లోనే ఉంది.

ఆ ఫంక్షన్ లేనిచోట ఏమవుతుందో చూడాలంటే లిబ్‌వర్ట్‌ను దగ్గరగా చూడాలి. కాలేజీ ల్యాబుల నుంచి డేటా సెంటర్ల దాకా లినక్స్ మీద వర్చువల్ మెషీన్లు నడిపేచోట చాలావరకు ఉండేది అదే. మొదట్లో దానికి లిబ్‌వర్ట్‌డీ అని ఒకే పెద్ద డీమన్ (తెర వెనక నడిచే ప్రోగ్రాము) ఉండేది. తర్వాత పనిని బట్టి విడగొట్టారు. మెషీన్లకు వర్ట్‌క్యూఎముడీ, నెట్‌వర్క్‌లకు వర్ట్‌నెట్‌వర్క్‌డీ, రహస్య తాళాలకు వర్ట్‌సీక్రెట్‌డీ, ఇలా. రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 9 నుంచి ఈ విడి డీమన్లే అందులో డిఫాల్ట్. ప్రతిదాని యూనిట్ ఫైల్లోనూ (దాన్ని ఎలా నడపాలో సిస్టమ్‌డీకి చెప్పే ఫైలు) టైమౌట్ 120 అని రాసి ఉంటుంది. కనెక్ట్ అయిన క్లయింటు ఎవరూ లేకుండా, 'నేనింకా ఉండాలి' అని లోపలి డ్రైవర్ ఏదీ చెప్పకుండా 120 సెకన్లు గడిస్తే డీమన్ ఆగుతుంది. వర్ట్‌క్యూఎముడీలో ఒక్క మెషీన్ నడుస్తున్నా డ్రైవర్ ఆ మాట చెబుతుంది, కాబట్టి అది నిలబడుతుంది.

ఇప్పుడు వర్ట్‌సీక్రెట్‌డీ సంగతి. ఒక వర్చువల్ మెషీన్ డిస్క్‌ను లక్స్ అనే పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ చేశారనుకోండి, అంటే తాళం లేకుండా చదవలేనట్టు. దాని తాళాన్ని లిబ్‌వర్ట్‌కు 'సీక్రెట్'గా ఇవ్వాలి. తాళం డిస్క్ మీద ఉండకూడదనుకునేవాళ్లు సీక్రెట్ నిర్వచనంలో ఎఫెమెరల్ (తాత్కాలికం) అన్న లక్షణానికి 'యెస్' (అవును) పెడతారు. అంటే నిర్వచనమైనా విలువైనా డీమన్ మెమరీలో తప్ప ఇంకెక్కడా ఉండదు. నిర్వచనం ఇచ్చారు, విలువ ఎక్కించారు, మెషీన్ లేపారు. అంతా సవ్యంగా నడిచింది. లిబ్‌వర్ట్‌కు ఆదేశాలిచ్చే వర్ష్ కమాండ్ ముగిసి కనెక్షన్ తెగింది. రెండు నిమిషాలు గడిచాయి. సీక్రెట్లను లెక్కలోకి తీసుకోని వెర్షన్ అయితే వర్ట్‌సీక్రెట్‌డీ నిశ్శబ్దంగా కొట్టు కట్టేసింది. తాళం దానితోపాటే పోయింది.

ఆ క్షణాన ఎవరికీ ఏమీ తెలియదు. లేచేటప్పుడే తాళం ఆ మెషీన్‌ను నడిపే క్యూఎము ప్రాసెస్‌కు అందింది కాబట్టి మెషీన్ నడుస్తూనే ఉంటుంది. లోపలి ఓఎస్‌ను రీబూట్ చేసినా అదే ప్రాసెస్ కొనసాగుతుంది, ఇబ్బంది లేదు. ఎన్నో వారాల తర్వాత ఎవరో మెషీన్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేసి మళ్లీ స్టార్ట్ కొడతారు. అప్పుడు 'ఆ యూయూఐడీతో (గుర్తింపు సంఖ్యతో) సీక్రెట్ దొరకలేదు' అని వస్తుంది. కారణానికీ ఫలితానికీ మధ్య అంత దూరం ఉండబట్టి అనుమానం డిస్క్ మీదికో, చివరిసారి పెట్టిన అప్‌డేట్ మీదికో పోతుంది.

స్టేటస్ చూస్తే ఇంకా తికమక. 'ఇనాక్టివ్, డెడ్' అని ఉంటుంది, పక్కనే ఎగ్జిట్ కోడ్ సున్నా, సక్సెస్ అని ఉంటుంది. జర్నల్‌లో (సిస్టమ్‌డీ రాసే దినచర్యలో) ఎర్ర అక్షరం ఒక్కటీ కనబడదు, 'డీయాక్టివేటెడ్ సక్సెస్‌ఫుల్లీ' అన్న మాటే ఉంటుంది. సాకెట్లు మాత్రం పచ్చగా వింటూనే ఉంటాయి. విఫలమైతే మళ్లీ లేపే 'రీస్టార్ట్ ఆన్ ఫెయిల్యూర్' పెట్టుకున్నాం కదా అనుకుంటే, సున్నాతో ఎగ్జిట్ అయినది ఫెయిల్యూర్ కాదు కాబట్టి అదీ కదలదు. పోర్టు పలుకుతోందా అని మాత్రమే చూసే మానిటరింగ్ అయితే మరీ దారుణం. అది తట్టిన ప్రతిసారీ ఖాళీ చేతులతో ఒక కొత్త డీమన్ లేచి 'ఉన్నాను' అంటుంది.

తప్పు వెతకడానికి కూర్చున్నవాళ్లను ఏడిపించే సంగతి ఇంకొకటుంది. వర్ష్‌ను ఇంటరాక్టివ్‌గా తెరిచిపెట్టుకుని సీక్రెట్ల జాబితా అడుగుతూ పోతే ఆ కనెక్షన్‌ను డీమన్ క్లయింటుగా లెక్కిస్తుంది. గడియారమే మొదలవదు. చూస్తున్నంతసేపూ అంతా బాగుంటుంది, టెర్మినల్ మూసి టీ తాగి వచ్చేసరికి పోతుంది. అందుకే ఇలాంటి తప్పును పట్టాలంటే అన్ని కనెక్షన్లూ తెంచి, డీమన్‌ను పలకరించకుండా, జర్నల్ ఒక్కదాన్నే చూస్తూ మూడు నిమిషాలు ఆగాలి.

విడగొట్టడమే ఈ చిక్కును బయటపెట్టింది. ఒకే పెద్ద డీమన్ ఉన్నప్పుడు నడుస్తున్న మెషీన్ పుణ్యమా అని తాళాలూ నిలిచేవి. విడిపోయాక మెషీన్ వర్ట్‌క్యూఎముడీని మాత్రమే పట్టుకుని ఉంటుంది. పక్కింట్లో ఉన్న వర్ట్‌సీక్రెట్‌డీకి ఆ ఆసరా లేదు. ఒక పెద్ద సర్వీసును చిన్నవాటిగా విడగొట్టేవాళ్లు తమ కోడ్‌లో దేన్ని ఏది నిలబెడుతోందో ఒకసారి కాగితం మీద గీసుకోవాలి. ఉమ్మడి కుటుంబంలో ఎవరి ఖర్చు ఎవరి ఖాతాలో పోతోందో వేరుపడ్డాకే తెలుస్తుందన్నట్టు.

దీనికి మందు రెండు వైపులా ఉంది. సర్వర్ నడిపేవాళ్లకు తేలికైనది ఇది: మెమరీలో మాత్రమే ఉండే సీక్రెట్లు వాడుతుంటే వర్ట్‌సీక్రెట్‌డీకి టైమౌట్ తీసేయడం. సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్‌తో ఆ సర్వీసుకు ఒక చిన్న అదనపు ఫైలు తెరిచి, సర్వీస్ విభాగం కింద, టైమౌట్ రాసి ఉన్న 'వర్ట్‌సీక్రెట్‌డీ ఆర్గ్స్' అన్న ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు ఖాళీ విలువ ఇస్తే చాలు. ప్యాకేజీతో వచ్చిన అసలు యూనిట్ ఫైలును ముట్టుకోవద్దు, తర్వాతి అప్‌డేట్ దాన్ని తుడిచేస్తుంది. ఈటీసీ కింద సిస్‌కాన్ఫిగ్‌లో ఆ డీమన్ పేరుతో ఫైలుంటే అదీ చూడాలి. ఎన్విరాన్‌మెంట్ ఫైల్లో రాసిన విలువ యూనిట్‌లో నేరుగా రాసినదాన్ని కప్పేస్తుంది. మార్చాక సర్వీసును రీస్టార్ట్ చేసి, సీక్రెట్ నిర్వచనాన్నీ విలువనూ మళ్లీ ఎక్కించాలి, ఎందుకంటే రీస్టార్ట్‌తోనూ అవి పోతాయి. ఎఫెమెరల్ తీసేసి డిస్క్ మీద పెట్టేస్తే సరిపోదా అనేవాళ్లుంటారు. సాధారణంగా అది బేస్64 రూపంలో పడుతుంది. బేస్64 తాళం కాదు, రాత మార్చడం మాత్రమే.

వేళ ప్రకారం కమాండ్లు నడిపే క్రాన్‌లో ప్రతి నిమిషానికీ ఒక కమాండ్ పెట్టి డీమన్‌ను నిద్రపోనివ్వకుండా చేసే చిట్కా ఒకటి చెలామణిలో ఉంది. దయచేసి వద్దు. క్రాన్ రెండుసార్లు తప్పితే తాళం పోయినట్టే. పైగా మెషీన్ల జాబితా అడిగే కమాండ్ వర్ట్‌క్యూఎముడీ తలుపు తడుతుంది, వర్ట్‌సీక్రెట్‌డీది కాదు.

సర్వీసు రాసేవాళ్ల వైపు పని ఇంకా ఉంది. ఒక లెక్క పెట్టాలి. ఏదైనా వనరు చేతికి తీసుకునేముందు ఒకటి కలపాలి, వదిలాక ఒకటి తీసేయాలి. సున్నా అయినప్పుడే గడియారం మొదలుపెట్టాలి. వరుస ముఖ్యం. వనరు తీసుకున్నాక కలిపితే ఆ రెంటి మధ్య సందులో గడియారం మోగవచ్చు. జీలిబ్ లైబ్రరీలో జీఅప్లికేషన్‌కు హోల్డ్, రిలీజ్ అన్న జత ఉన్నది ఇందుకే. యాపిల్ యంత్రాల్లో ప్రాసెస్‌లు మాట్లాడుకునే ఎక్స్‌పీసీలో ట్రాన్సాక్షన్ బిగిన్, ఎండ్ అన్నవీ ఇందుకే. ట్రాన్సాక్షన్ ఏదీ తెరిచి లేకపోతే ఆ ప్రాసెస్‌ను తక్షణం చంపే హక్కు లాంచ్‌డీకి ఉంది. ఎక్కువగా తప్పు జరిగేది ఎర్రర్ దారిలో. ఫైలు తెరుచుకోలేదనో, నెట్‌వర్క్ తెగిందనో ఫంక్షన్ మధ్యలోంచి తిరిగి వచ్చేస్తుంది, రిలీజ్ కింద ఎక్కడో ఉండిపోతుంది. లెక్క ఒకటి దగ్గర ఇరుక్కుంటుంది, సర్వీసు ఇక ఎప్పటికీ ఆగదు. ఎల్‌సీ తిరిగి ఇవ్వకుండా లైన్‌మన్ ఇంటికెళ్లిపోతే ఫీడర్ మొత్తం చీకట్లో ఉన్నట్టే ఇది.

ఇంకో రకం: క్లయింటు పట్టుకున్న వనరును వదలకుండానే క్రాష్ అయింది. దీనికి రెండు మంచి దారులున్నాయి. డీబస్ (లినక్స్‌లో ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి) మీద నడిచే సర్వీసైతే ప్రతి క్లయింటుకూ ఆ బస్సు ఇచ్చే ప్రత్యేకమైన పేరుంటుంది. క్లయింటు పోగానే ఆ పేరు యజమాని మారినట్టు నేమ్ ఓనర్ ఛేంజ్డ్ సిగ్నల్ వస్తుంది. దాన్ని గమనిస్తూ ఆ క్లయింటు ఖాతాలో ఉన్నవన్నీ తీసేయాలి. రెండోది యూజర్ల లాగిన్లు చూసుకునే సిస్టమ్‌డీ లాగిన్‌డీ వాడే దారి, మా లెక్కలో ఇదే అన్నిటికంటే శుభ్రమైనది. ఇన్‌హిబిట్ (షట్‌డౌన్ లాంటివాటికి అడ్డు పెట్టు) అని అడిగినవాడికి అది ఒక ఫైల్ డిస్క్రిప్టర్ (తెరిచిన ఫైలుకు ప్రాసెస్ చేతిలో ఉండే పిడి) ఇస్తుంది. అది తెరిచి ఉన్నంతసేపూ అడ్డు ఉన్నట్టు. ప్రాసెస్ ఎలా చచ్చినా దాని డిస్క్రిప్టర్లను కెర్నల్ మూసేస్తుంది, అడ్డు దానంతట అదే తొలగిపోతుంది. స్తంభం మీద మనిషికి ఏమైనా అయితే ఎల్‌సీ దానంతట అదే తిరిగి రావడం ఘోరం. కంప్యూటర్‌లో మాత్రం కావలసింది అదే.

లెక్క సున్నా అయి, గడువు తీరి, ఆగుదామని నిర్ణయించుకున్నాక ఇంకో గండం ఉంది. సరిగ్గా ఆ క్షణంలో కొత్త అభ్యర్థన వచ్చి వరుసలో పడవచ్చు. సర్వీసు చూసుకోకుండా ఎగ్జిట్ అయితే అడిగినవాడికి జవాబు రాదు, నో రిప్లై ఎర్రర్ వస్తుంది. వెయ్యిసార్లలో ఒక్కసారి వస్తుంది కాబట్టి దాన్ని ఎవరూ నమ్మరు. సిస్టమ్‌డీ సర్వీసులు దీన్ని వరుస తప్పకుండా చేస్తాయి. మొదట 'ఆగుతున్నాను' అని సిస్టమ్‌డీకి చెబుతాయి. తర్వాత బస్సు మీద తమ పేరు వదులుకుంటాయి. పేరు పోయిందన్న కబురు తిరిగి వచ్చేదాకా వరుసలో ఉన్న అభ్యర్థనలకు జవాబులు ఇస్తూనే ఉంటాయి. ఆ తర్వాతే ఎగ్జిట్. పేరు వదిలాక వచ్చినవాళ్లకోసం కొత్త ప్రాసెస్ లేస్తుంది. హోటల్లో షట్టర్ సగం దించి, లోపల కూర్చున్నవాళ్లకు వడ్డించి పంపడం లాంటిది.

పిల్ల ప్రాసెస్‌ల సంగతి చాలామంది మరిచిపోతారు. సర్వీసు ఆగితే ఏ ప్రాసెస్‌లను ఆపాలో చెప్పే కిల్‌మోడ్ అమరికకు సిస్టమ్‌డీలో డిఫాల్ట్ 'కంట్రోల్ గ్రూప్'. అసలు ప్రాసెస్ ఆగిపోతే ఆ సర్వీసు గుంపులో మిగిలిన ప్రతి ప్రాసెస్‌కూ సిగ్‌టర్మ్ (ఆగమన్న కబురు) వెళుతుంది. మామూలుగా 90 సెకన్లలోపు పోనివాటికి సిగ్‌కిల్ (బలవంతంగా చంపే సిగ్నల్) పడుతుంది. అంటే పని లేదని ఆగిన సర్వీసు, తాను మొదలుపెట్టిన బ్యాకప్‌నో వీడియో మార్పిడినో వెంట తీసుకుపోతుంది. లిబ్‌వర్ట్ దీన్ని ఊహించి వర్ట్‌క్యూఎముడీకి కిల్‌మోడ్‌ను 'ప్రాసెస్' అని పెట్టింది, అంటే అసలు ప్రాసెస్ ఒక్కటే ఆగుతుంది. నడుస్తున్న మెషీన్ల వివరాలు రన్ డైరెక్టరీలో రాసిపెట్టుకుంటుంది, మళ్లీ లేచినప్పుడు వెతుక్కుని పట్టుకుంటుంది. తిరిగి పట్టుకునే ఆ కోడ్ లేకుండా కిల్‌మోడ్ ఒక్కటే మార్చితే అనాథ ప్రాసెస్‌లు పోగవుతాయి. ఎక్కువసేపు నడిచే పిల్ల ప్రాసెస్‌ను దాని సొంత స్కోప్‌లో (సిస్టమ్‌డీ చూసే విడి గుంపులో) లేపడం ఇంతకంటే మేలు. రన్‌టైమ్ డైరెక్టరీ అన్న అమరిక వాడేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి: సర్వీసు ఆగగానే ఆ డైరెక్టరీని సిస్టమ్‌డీ తుడిచేస్తుంది. అందులో పెట్టిన స్థితి ఉండాలంటే ప్రిజర్వ్ అమరికకు 'యెస్' ఇవ్వాలి.

తెరిచిన డిస్క్రిప్టర్లను సిస్టమ్‌డీ చేతిలో దాచిపెట్టే సదుపాయం కూడా ఉంది, ఫైల్ డిస్క్రిప్టర్ స్టోర్ అంటారు. గరిష్ఠ సంఖ్య డిఫాల్ట్ సున్నా, కాబట్టి మనమే ఇవ్వాలి. రీస్టార్ట్ అయినప్పుడు అవి తిరిగి చేతికి వస్తాయి. సర్వీసు పూర్తిగా ఆగితే మాత్రం మామూలుగా పోతాయి. పని లేక ఆగడం కూడా పూర్తిగా ఆగడమే. 2023లో వచ్చిన 254 వెర్షన్ నుంచి వాటిని ఆగాక కూడా నిలిపి ఉంచే ప్రిజర్వ్ అమరిక ఉంది. అంతకంటే పాత వెర్షన్లలో స్టోర్‌ను నమ్ముకుని టైమౌట్ పెట్టవద్దు.

విద్యార్థులకు ఎక్కువగా తగిలే దెబ్బ దీనికి దగ్గర చుట్టం. ఎస్‌ఎస్‌హెచ్‌తో దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లి, సొంత ఖాతా కింద ఒక సర్వీసునో రూట్ అక్కర్లేని పాడ్‌మన్ కంటైనర్‌నో లేపి, లాగవుట్ కాగానే అది పోయిందంటారు. ఆ యూజర్ చివరి సెషన్ ముగిసిన 10 సెకన్లకు అతని సర్వీసులను నడిపే యూజర్ మేనేజర్ ఆగుతుంది, దాని కింద ఉన్నవన్నీ ఆగుతాయి. సెషన్లను లెక్కిస్తారే తప్ప నడుస్తున్న సర్వీసులను కాదు. ఆ ఖాతాకు లాగిన్‌సీటీఎల్‌తో లింగర్ ఎనేబుల్ చేస్తే లాగవుట్ అయినా మేనేజర్ నిలుస్తుంది, రీబూట్ అయ్యాక లాగిన్ కాకముందే లేస్తుంది కూడా.

ఆ సలహా ప్రకారం ఇప్పటికే టైమౌట్లు పెట్టుకున్న పాఠకులు ఒక పరీక్ష చేసుకోవచ్చు. చాలామంది భయపడి టైమౌట్‌ను గంటకో, రెండు గంటలకో పెంచుతారు. దానివల్ల తప్పు పోదు, అరుదవుతుంది, అరుదైన తప్పును పట్టడం ఇంకా కష్టం. పరీక్షకు పెట్టుకున్న యంత్రం మీద టైమౌట్‌ను 5 సెకన్లకు దించండి. ఒక రోజంతా మామూలుగా చేసే పనులన్నీ చేయండి, మెషీన్లను పూర్తిగా ఆపి లేపడంతో సహా. ప్రతి పనికీ మధ్య అన్ని కనెక్షన్లూ మూసి పది సెకన్లు ఆగండి. సర్వీసు ఆగినట్టు జర్నల్‌లో కనబడ్డాక, ఆగకముందు జాబితాలో ఉన్నవి తిరిగి లేచాక కూడా ఉన్నాయో లేదో పోల్చండి. ఒక్కటి తగ్గినా ఆ సర్వీసుకు టైమౌట్ తీసేసి, ఏ వెర్షన్‌లో ఏది పోయిందో దాన్ని తయారుచేసినవాళ్లకు రాయండి.

ఇట్లు,
కొందరు లినక్స్ సర్వర్ నిర్వాహకులు,
హైదరాబాద్